డానెవర్క్ దాకా, ఒక నీలిపూల ప్లేటు కోసం

పాత డేనిష్ పింగాణీ కోసం న్యూజిలాండ్‌లో ఎక్కడ వెతకాలని నన్ను అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆక్లాండ్‌లో మా టకానిని చుట్టుపక్కల ఆప్ షాపుల్లో, అంటే జనం వాడి ఇచ్చేసిన సామాను అమ్మే కొట్లలో, ఓపిక ఉంటే ఏడాదికి ఒకటో రెండో దొరుకుతాయి. బోటనీ డౌన్స్‌లో ఒక ఇంటివాళ్ళు గరాజ్ ముందు సామాను పెట్టి అమ్ముతుంటే మూడు ఒకేసారి దొరికాయి. ఆరేళ్ళుగా ఏరితే ఇప్పటికి ఏడయ్యాయి. తెల్లటి పింగాణీ మీద చేత్తో వేసిన నీలి పూలు, అంచు దాకా సన్నటి మడతలు, తిప్పి చూస్తే కింద మూడు నీలి అలల ముద్ర. ఏడింటినీ అద్దాల బీరువాలో పెట్టాను. ఒక్కదాంట్లోనూ ఇంతవరకు తినలేదు. "కొబ్బరికాయ కొట్టి హారతి కూడా ఇచ్చెయ్, ఓ పనైపోతుంది" అంటాడు మా ఆయన. ఆయనకేం, ఎన్నయినా అంటాడు. నేను ఎందుకు తినలేదో చెప్పాలంటే ముందు ఇంగా ఆంటీ గురించి చెప్పాలి.

పదకొండేళ్ళ క్రితం నేను చదువుకోడానికి వెల్లింగ్టన్ వచ్చినప్పుడు, జాన్సన్‌విల్‌లో ఇంగా ఆంటీ ఇంట్లో ఒక గది అద్దెకి తీసుకున్నాను. ఆవిడకి అప్పటికే ఎనభై దగ్గర పడ్డాయి. పెళ్ళయిన కొత్తలో భర్తతో డెన్మార్క్ నుంచి ఓడెక్కి వచ్చిందట. వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఇచ్చిన పన్నెండు ప్లేట్ల సెట్టుని దుప్పట్లలో చుట్టి తెచ్చుకుందట. ఒక్కటి కూడా పగల్లేదని ఎంత గొప్పగా చెప్పుకునేదో! ఆదివారం మధ్యాహ్నం ఇద్దరికీ బల్ల మీద నీలిపూల ప్లేట్లు పెట్టేది. నాకోసం విడిగా బంగాళాదుంపలు ఉడికించి, వెన్న, కొత్తిమీర లాంటి ఏదో ఆకు వేసేది. నేనేమో నా గదిలోంచి స్టీలు కంచం తెచ్చుకుని, ఆవిడ పెట్టిన ప్లేటు పక్కకి జరిపి, నా కంచంలో వడ్డించుకునేదాన్ని. ఆ ప్లేట్లలో ఆవిడ పంది మాంసం తింటుంది. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గుమ్మం దాటి రాదు. ఎంత సబ్బుతో తోమినా ఎంగిలి ఎంగిలే అని నా బుర్రలో కూర్చుంది. ఆ మాట ఆవిడకి చెప్పే ధైర్యం లేక, "మా పద్ధతి ఇది ఆంటీ" అని ఊరుకునేదాన్ని.

ఒక ఆదివారం ఆవిడ నా కంచం చేతిలోకి తీసుకుని, కింద చుక్కచుక్కలుగా చెక్కిన అక్షరాలు వేలితో తడిమి చూసింది. "ఏమని రాసుంది?" అంది. పేరు అన్నాను. "నీ పేరా?" అంది. అవును అనేశాను. నిజానికి దాని మీద ఉన్నది "పి. రత్తమ్మ". మా అమ్మ పెళ్ళిలో చదివింపుల్లో వచ్చిన కంచం అది. ఎవరా రత్తమ్మ అంటే మా అమ్మ "మీ నాన్న వైపు మనిషి" అంటుంది, నాన్న "మీ అమ్మ వైపే" అంటాడు. చదివింపులంటే ఏమిటో, ఇచ్చినవాళ్ళ పేరు గిన్నె మీద ఎందుకు కొట్టిస్తారో ఇంగ్లీషులో ఎవరు చెప్తారు బాబూ అని బద్ధకం. "మీ దేశంలో అందరి కంచాల మీదా పేర్లుంటాయా?" అని మళ్ళీ అడిగింది. ఉంటాయి అన్నాను. ఆవిడ తన ప్లేటు తిప్పి మూడు అలల కింద ఉన్న చిన్న నీలి గుర్తు చూపించింది. "మా దగ్గర దీన్ని రంగులేసిన మనిషి గుర్తు వేస్తుంది. మీ దగ్గర తినే మనిషి పేరు వేస్తారన్నమాట. బాగుంది" అంది.

ఆక్లాండ్‌లో ఉద్యోగం వచ్చి నేను వెళ్ళిపోయే ముందు ఆదివారం ఆవిడ ఎప్పట్లాగే బల్ల సర్దింది. ఆ రోజు చీర కట్టుకోమని మరీ మరీ అడిగింది. నా ప్లేటు పెడుతూ, "ఇది నీదే. ఈ రోజు దీంట్లో తినొచ్చు" అంది. ఏదో మర్యాదకి అంటోందనుకున్నాను. ఎప్పట్లాగే నవ్వి, ప్లేటు జరిపి, నా స్టీలు కంచం పెట్టుకున్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, బంగాళాదుంప ఒకటి ఎక్కువ వేసింది. ఆ మొహం నాకు అప్పుడు కాదు, నా ఇంట్లో నా బల్ల మీద నలుగురికి వడ్డించడం మొదలుపెట్టాక గుర్తుకి రావడం మొదలైంది. వచ్చినవాళ్ళు మనం పెట్టిన ప్లేటు పక్కకి జరిపితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. అప్పటినుంచే ఈ ఏరుకోవడం. తినాలంటే ఆవిడ ప్లేటులోనే, ఆవిడ ఎదురుగానే మొదలుపెట్టాలని పంతం. ఫోన్ చేద్దాం, వెళ్దాం అనుకుంటూనే ఉన్నాను. ఇల్లు, పాప, ఉద్యోగం. మన వంకలకి లోటేముంది?

ఏటా పంపే క్రిస్మస్ కార్డుకి ఈసారి ఆవిడ కోడలు జవాబు రాసింది. ఇంగా ఆంటీ ఆఖరి మూడేళ్ళు డానెవర్క్‌లో వృద్ధుల హోమ్‌లో ఉందట, కిందటి చలికాలం ముందు పోయిందట. పింగాణీ సామానంతా ఆ ఊరి మెయిన్ రోడ్డు మీద ఒక పాత సామాన్ల కొట్టుకి ఇచ్చేశాం, కావాలంటే చూసుకో అని రాసింది. ఉత్తరం పట్టుకుని వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. కొట్టుకి ఫోన్ చేస్తే, "కొన్ని ఉన్నాయి, కానీ ఎవరికోసమూ పక్కన పెట్టను, శనివారం పదింటికి తీస్తా, పన్నెండున్నరకి మూసేస్తా" అంది అవతలి గొంతు. ఇక ఆవిడ ఎదురుగా కూర్చుని తినడం ఎలాగూ లేదు. కనీసం ఆవిడ ప్లేటులో ఒక్కసారి అన్నం తినాలి. నాకు కావలసింది అంతే.

ఆఫీసు పని మీద వెల్లింగ్టన్ వెళ్ళే శుక్రవారం చూసుకుని, జాన్సన్‌విల్‌లో నా స్నేహితురాలు హిమజ ఇంట్లో దిగి, శనివారానికి ఆమె కారు తీసుకున్నాను. కారుతో పాటు వాళ్ళమ్మ శ్యామల ఆంటీ కూడా వచ్చింది. విజిటర్ వీసా మీద వచ్చి మూడు నెలలైంది, ఇంట్లో కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టేశాయట. ఏడున్నరకి బయల్దేరాల్సినవాళ్ళం, ఆవిడ పులిహోర తాలింపు అయ్యేసరికి ఎనిమిదీ పది. "బయట తిండి నేను ముట్టనమ్మాయ్" అని పెద్ద స్టీలు డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది. మామూలుగా జాన్సన్‌విల్ నుంచి డానెవర్క్‌కి రెండున్నర, రెండు ముప్పావు గంటలు. మోటర్‌వే పట్టుకుని ఉత్తరంగా, ట్రాన్స్‌మిషన్ గల్లీ అనే రోడ్డు మీదుగా కొండలెక్కి దిగి, లెవిన్ దాకా సాఫీగా పోవచ్చు. మధ్యలో టోల్ ఏమీ లేదు. రానూ పోనూ పెట్రోలుకి దాదాపు ఎనభై డాలర్లు వేసుకోండి.

దారి పొడుగునా శ్యామల ఆంటీది ఒకటే గోల. "ఎవరు తిన్నారో, ఏం తిన్నారో! శుభ్రంగా కొత్తవి కొనుక్కోక, పోయినావిడ ప్లేట్ల కోసం ఇంత దూరమా?" అంది. హోటల్లో తినే ప్లేట్లు ఎవరు తిన్నవి ఆంటీ అన్నాను. "హోటల్లో నేనెప్పుడు తిన్నానే?" అంది. లెవిన్ దాటుతుండగా రోడ్డు పక్కన తోటవాళ్ళ కూరగాయల బడ్డీ కనబడింది. మనిషి ఉండడు, డబ్బాలో డబ్బులు వేసి కట్ట తీసుకోవడమే. "ఆపు ఆపు, బచ్చలికూరలా ఉందే!" అని అరిచింది. ఆపాను. ఒక్కో కట్టా ఎత్తి, వాసన చూసి, కాడ విరిచి, అడగడానికి మనిషి లేడే అని బాధపడి, నాలుగు కట్టలు, ఒక గుమ్మడికాయ తీసుకుని ఎక్కేసరికి ఇరవై అయిదు నిమిషాలు. తర్వాత షానన్‌లో టాయిలెట్. యాష్‌హర్స్ట్ దాటాక కొండల మీదుగా వేసిన కొత్త రోడ్డెక్కగానే గాలిమరలు వచ్చాయి, వాటి ముందు ఫోటోలు, ఆ ఫోటోలు నరసరావుపేట చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టడం, నెట్ రాకపోతే నన్ను అడగడం. పదకొండున్నర దాటింది. నేను గడియారం చూసుకుంటూ పళ్ళికిలిస్తున్నాను.

వుడ్‌విల్‌లో పెట్రోలు కొట్టించుకుంటూ కౌంటర్ దగ్గర పెద్దాయన్ని దారి అడిగాను. "ఇంకో పాతిక నిమిషాలు. ఊరి మొదట్లో వైకింగ్ యోధుడి బొమ్మ కనిపిస్తుంది, అక్కణ్ణుంచి నిదానంగా పో, పోలీసులుంటారు" అన్నాడు. ఏం కొనడానికి వెళ్తున్నావంటే డేనిష్ ప్లేట్లు అని చెప్పాను. "మా నానమ్మవి బోలెడు ఉండేవి, కుక్కకి అందులోనే పెట్టేవాళ్ళం" అని పకపకా నవ్వాడు. డానెవర్క్ నూటయాభై ఏళ్ళ కిందట డెన్మార్క్, నార్వేల నుంచి వచ్చినవాళ్ళు అడవి కొట్టి కట్టుకున్న ఊరు. అక్కడి ఇళ్ళలో ఈ సామాను ఇప్పటికీ బయటపడుతూ ఉంటుంది. ఏరుకునే అలవాటున్నవాళ్ళకి ఈ దారి అందుకే మంచిది, వుడ్‌విల్‌లో కూడా పాత సామాన్ల కొట్లున్నాయి. నేను మాత్రం ఒక్కదాన్లోకీ తొంగి చూడలేదు.

పన్నెండూ పదికి కొట్టు ముందు కారాపాను. లోపల కళ్ళజోడు గొలుసుకి వేలాడేసుకున్న పెద్దావిడ, జోన్ అట పేరు, అప్పటికే కుర్చీలు లోపలికి జరుపుతోంది. ఇంగా గారి ప్లేట్లు అన్నాను, ఊపిరి కూడా తీసుకోకుండా. ఆవిడ అయ్యో అన్నట్టు తలూపింది. "హేస్టింగ్స్ నుంచి మొగుడూ పెళ్ళాం వచ్చారు. పదకొండున్నరకి పదకొండూ పట్టుకుపోయారు. ఫోన్ చేసింది నువ్వేనా?" అంది. పదకొండున్నరకి నేను గాలిమరల ముందు ఫోటోలు తీస్తున్నాను. వెనక్కి తిరిగి ఆంటీని చూశాక ఆగలేకపోయాను. "ఆ దిక్కుమాలిన ఆకుకూర దగ్గర ఆగకపోతే దొరికేవి. తెలుసా మీకు?" అన్నాను, కొట్టంతా వినబడేలా. ఆవిడ మొహం ఇంతైపోయింది. చీర కొంగు సర్దుకుని కొట్టు చివరికి నడిచి వెళ్ళిపోయింది. పెద్దావిడ మీద నోరు పారేసుకున్నందుకు ఒక ఏడుపు, ప్లేట్లు పోయినందుకు ఇంకో ఏడుపు. జోన్ గాజు గ్లాసుతో నీళ్ళిచ్చింది.

అప్పుడు కొట్టు చివర్నుంచి ఆంటీ గొంతు వినిపించింది, మామూలు గొంతుతోనే. "అమ్మాయ్, ఈ పి. రత్తమ్మ ఎవరే?"

నాకు ముందు అర్థం కాలేదు. వెళ్ళి చూస్తే జత తప్పిన కప్పులు, మూతలు పడేసిన బుట్ట దగ్గర నిలబడి, చేతిలో నీలిపూల ప్లేటు తిరగేసి పట్టుకుని ఉంది. పెళ్ళిళ్ళలో గిన్నెలు కలిసిపోతే తిప్పి పేరు చూసుకునే చెయ్యి కదా, ఏ గిన్నె దొరికినా ముందు తిప్పి చూస్తుంది. మూడు నీలి అలల కింద, రంగులేసిన మనిషి గుర్తు కింద, నీలి సిరాతో చుక్కచుక్కలుగా "పి. రత్తమ్మ" అని ఉంది. ర మీద తలకట్టు వంకరపోయింది. త వత్తు కిందకి కాకుండా పక్కకి పడింది. తెలుగు చదవడం రాని మనిషి, నా స్టీలు కంచం ఎదురుగా పెట్టుకుని, చుక్క తర్వాత చుక్క బొమ్మ గీసినట్టు గీసుకుంది. "అదా? దాని వెనక ఎవరో గీతలు గీశారు" అంది జోన్. "పెయింట్ పెన్‌తో రాసి ఓవెన్‌లో కాల్చినట్టున్నారు. ఎంత తోమినా పోలేదు. అందుకే వాళ్ళు దాన్ని వద్దన్నారు. పది డాలర్లియ్యి చాలు."

ఇది నీదే, ఈ రోజు దీంట్లో తినొచ్చు. ఆ ఆఖరి ఆదివారం ఇంగా ఆంటీ అన్న మాట నాకు అక్కడ, ఆ బుట్ట దగ్గర, పదేళ్ళ తర్వాత వినబడింది. మా దేశంలో ఎవరి పేరున్న కంచంలో వాళ్ళే తింటారు కాబోలు అనుకుంది ఇంగా ఆంటీ. ఈ పిల్ల తన పేరు లేదనే తినట్లేదు అనుకుంది. ఓడ మీద పగలకుండా తెచ్చుకున్న వాళ్ళమ్మ సెట్టులో ఒకటి తీసి, నాకోసం పేరు రాసి, కాల్చి, బల్ల మీద పెట్టింది. నేను తిప్పి చూడనైనా చూడకుండా పక్కకి జరిపాను. కౌంటర్ పట్టుకుని నిలబడి ఏడ్చేశాను. సిగ్గూ శరం ఏమీ లేకుండా, ముక్కు కారుతూ ఏడ్చాను. శ్యామల ఆంటీ కొంగుతో నా మొహం తుడిచి, తనే పది డాలర్ల నోటు తీసి జోన్ చేతిలో పెట్టింది.

ఊరి చివర పెద్ద పార్కు ఉంది, చెట్లు, బల్లలు, నీళ్ళ కుళాయి. కారు అక్కడ ఆపి అంతా చెప్పాను. ఇంగా ఆంటీ సంగతి, స్టీలు కంచం సంగతి, నేను అవును అని చెప్పిన అబద్ధం సంగతి. అరిచినందుకు క్షమించమని కూడా అడిగాను. "చాల్లే, ఆ కూర నిజంగానే ఎక్కువసేపు ఏరాను" అంది. తర్వాత ప్లేటు తీసుకుని కుళాయి దగ్గరకి వెళ్ళి మూడుసార్లు కడిగింది. "ఇంతకీ ఆ రత్తమ్మ ఎవరో మీ ఇంట్లో ఎవరికీ తెలీదా?" అని అడిగింది. తెలీదన్నాను. "ఎవరో తెలీనావిడ కంచంలో ఇన్నేళ్ళు తిన్నావు, నీకేమైనా అయిందా?" అని, నా జవాబు కోసం చూడకుండా డబ్బా మూత తీసి, నీలి పూల మీద పులిహోర వడ్డించింది. ఎంగిలి అని పొద్దున్నించీ నా బుర్ర తిన్న మనిషే! పసుపు అన్నం కింద పూలు కనబడకుండా పోయాయి. "తిను. నీ పేరున్న ప్లేటే కదా" అంది. తిన్నాను. ఎదురుగా ఆంటీ కూర్చుంది, కానీ నేను చూస్తున్నది ఆవిణ్ణి కాదు. ఇంకో బంగాళాదుంప వేస్తూ నా మొహంలోకి చూసిన మనిషి కోసం చూస్తున్నాను. అక్కడ గాలి తప్ప ఎవరూ లేరు.

ఆ ప్లేటు ఇప్పుడు మా టకానిని ఇంట్లో అద్దాల బీరువాలో లేదు, వంటింట్లో స్టాండు మీద ఉంది. ఆదివారాలు దాంట్లో నేనే తింటాను. మిగతా ఏడూ కూడా బయటికి తీశాను, ఎవరొచ్చినా వాటిల్లోనే పెడుతున్నాను. అమ్మకి ఫోన్‌లో చెప్తే, "రత్తమ్మ గారికి తెలిస్తే ఎంత సంతోషిస్తుందో" అంది. ఎవరో తెలీని రత్తమ్మ గారి సంతోషం గురించి మేమిద్దరం కాసేపు మాట్లాడుకున్నాం. ఇంగా ఆంటీ గురించి మాత్రం ఎంతో చెప్పాలనుకుని, పప్పులో ఉప్పు ఎంత వెయ్యాలో అడిగి పెట్టేశాను. కొన్నిటికి ఆలస్యమయ్యాక చేసేదేమీ ఉండదు. ఆవిడ నాకోసం చేసింది నేను చూడాల్సిన టైములో చూడలేదు, అంతే.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. శనివారం ఈ ఊళ్ళలో కొట్లు మధ్యాహ్నానికే మూసేస్తారు, ఎనిమిదింటికల్లా బయల్దేరండి, కూరగాయలు తిరిగొచ్చేటప్పుడు కొనుక్కోండి. ప్లేట్లు టవల్స్‌లో చుట్టి, పడుకోబెట్టకుండా నిలబెట్టి పెట్టుకోండి, పగలవు. అంచు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పండి, పెచ్చు ఊడితే తెలుస్తుంది. అన్నిటికన్నా ముందు, మీ ముందుకి వచ్చిన ప్లేటు తిప్పి చూడండి. ఆ ఆదివారం నేను ఒక్కసారి తిప్పి చూసుంటే, ఇంగా ఆంటీ ఎదురుగానే తినేదాన్ని.